పొర మీద వకుళ

ప్రదక్షిణ 5212, వెలుగువైపు

పేట సొత్తు వాడుకునేవాళ్లు జరిగిందంతా ఎప్పటికప్పుడు రాసిపెట్టాలని అచ్చాయమ్మ గారి షరతు. ఆవిడ మా ఆవిరిపేటకి పెద్ద. ఎదురు చెప్పడం చేతకాక కాదు, ఓపిక లేక రాస్తున్నాను. నా పేరు మాణిక్యం. పొద్దున మబ్బుల్లోంచి ఆమ్లం వడగట్టి నీళ్లు తీస్తాను, సాయంత్రం డ్రమ్స్ వాయిస్తాను. రెండు పనులకీ భుజాలు పడిపోతాయి. ఖాళీ నీళ్ల పీపాలనే డ్రమ్ములుగా కట్టుకున్నాం కాబట్టి మా బృందం పేరు కూడా పీపాలే.

బృందమంటే ఎంతోమంది కాదు, ముగ్గురం. వకుళ పాడుతుంది, గిటార్ వాయిస్తుంది. ఇస్మాయిల్ బేస్ వాయిస్తాడు. మిగతా సమయంలో వాడి ఉద్యోగం కెమెరా పట్టుకుని పొర లోపలివైపు పాకుతూ చిల్లులు వెతకడం. పొరంటే మా ఆకాశమే. లోపల గాలి, ఆ గాలిలో మా ఇళ్లు, తోటలు, కోళ్లు, బయట శుక్రగ్రహం. ఈ బుడగ మబ్బుల మీద తేలుతూ నాలుగు రోజులకోసారి గ్రహాన్ని చుట్టొస్తుంది. రెండు రోజులు ఎండ, రెండు రోజులు చీకటి. కింద ఏముందో ఎవరూ చూసి చెప్పలేదు. పోయినవాళ్లని మాత్రమే అటు దింపుతాం.

ఇవాళ వకుళ నీళ్ల షెడ్డుకి వచ్చి, “అత్తా, ఒక బల్లాడ్ చేద్దాం” అంది.

నాకు బల్లాడ్‌లంటే ఒళ్లు మంట. రాక్ అంటే పీపాలు పగలాలి. నెమ్మదిగా మొదలై, మూలిగి మూలిగి, చివర్లో కాస్త అరిచి ఊరుకునే పాటకి నేనెందుకు?

“ఎవరికోసమే అంత దిగులు పాట?” అన్నాను.

అది పొర వైపు చెయ్యి చూపించింది. అవతల, పచ్చటి తేటలో, మాలాంటి ఇంకో బుడగ, నురగపాలెం, నిమ్మకాయంత కనిపిస్తోంది. పోయిన ఏడాది కంచమంత ఉండేది. గాలి దాన్ని ధ్రువం వైపు లాక్కుపోతోంది. ఇంకొన్ని చుట్లు తిరిగితే అసలు కనిపించదు.

ఇక నేను కాదనలేదు. నురగపాలెంలో పొగడ ఉంది. వకుళా పొగడా కవలలు. రెండూ ఒకే పువ్వు పేర్లట, ఆ పువ్వుని మాలో చూసినవాళ్లు లేరు. ఇద్దరికీ చిన్నప్పుడు తాళం నేర్పింది నేనే. మొహం చూసి ఎవరెవరో చెప్పడం కన్నతల్లి వల్ల కూడా అయ్యేది కాదు. గిటార్ ఇస్తే మాత్రం తెలిసిపోయేది, పొగడది ఎడమచేతి వాటం. ఎదురెదురుగా కూర్చుని వాయిస్తుంటే రెండు గిటార్ల మెడలూ ఒకే గోడ వైపు చూసేవి.

అప్పట్లో రెండు పేటలకీ మధ్య రాకపోకలకి తాడు ఉండేది. తొమ్మిదేళ్ల కిందట పొగడ అక్కడి పెళ్లిలో వాయించడానికి వెళ్లింది, ఆ రోజే గాలివానకి తాడు తెగింది. మీరు కోశారంటే మీరు కోశారని రెండు పేటలవాళ్లూ రేడియోలో తిట్టుకున్నారు. చివరికి ఒకరితో ఒకరు మాట్లాడకూడదని మాటకట్టు పడింది. మాటకట్టు పడ్డాక ముందు మాట్లాడినవాళ్లదే తప్పని లెక్క. ఇక ఎవరు మాట్లాడతారు? అచ్చాయమ్మ గారు రేడియో మీద గుడ్డ కప్పేశారు.

“అది బతికుందో లేదో తెలిస్తే చాలత్తా” అంది వకుళ. “ఆ తర్వాత ఎటు కొట్టుకుపోయినా తట్టుకుంటాను.”

ప్రదక్షిణ 5213, చీకటివైపు

బాణీ కొత్తది కాదు. అక్కచెల్లెళ్లిద్దరూ కలిసి ఎప్పుడో కట్టుకున్నదే. అప్పట్లో దానికి మాటలు లేవు, అన్నాలు తింటూ ‘లలలా’ అని పాడుకునేవారు. ఇప్పుడు వకుళ మాటలు రాసుకొచ్చింది.

తెగిన తాడు ఈ కొసన నేను,
ఆ కొసన నువ్వు.
ఎవరు వదిలారని అడగను,
నువ్వూ అడగకు.
ఉన్నావా?
ఉంటే ఒక దీపం ఆర్పి వెలిగించు.

చరణం చరణానికీ ‘ఉన్నావా’ అని వస్తుంది. మొదటిసారి గుసగుసలా, రెండోసారి మామూలుగా, మూడోసారి గొంతు చించుకుని. ఆ మూడోసారి నేను పెద్ద పీపా మీద కొడితే షెడ్డులో వడగట్టిన నీళ్ల మీద వలయాలు లేచాయి. బల్లాడ్ గురించి నేనన్న మాటల్లో కొన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అన్నీ కాదు. వకుళ ఇప్పటికీ తాళాన్ని వెనక్కి లాగుతోంది, దాన్ని మోసుకుంటూ పోలేక నా నడుం విరుగుతోంది.

ప్రదక్షిణ 5214, వెలుగువైపు

ఇవాళ పేట సభ. రేడియోలో పాట పంపితే మాటకట్టు తప్పినట్టే. అందుకని ఇస్మాయిల్ ఒక ఉపాయం చెప్పాడు. పాటని వీడియో తీసి, చీకటివైపు వెళ్లాక మన పొర మీదే వేద్దాం అన్నాడు. పేటంత బొమ్మ. నురగపాలెం వాళ్లకి గొంతు వినపడదు, మనిషి కనపడుతుంది, పొగడ అయితే పెదాలు చూసే మాటలు పట్టేస్తుంది.

“పెదాలు కదిలితే మాట కాదా?” అన్నారు అచ్చాయమ్మ గారు.

“వినపడితేనే గదండీ మాట” అంది వకుళ.

“మా ఆయన్ని అడుగు. నేను పెదవి విప్పకపోయినా ఆయనకి అన్నీ వినపడతాయి.”

సభంతా నవ్వింది, ఆయన తప్ప. నవ్వాక అసలు సమస్య బయటికొచ్చింది. చీకటివైపు తోటల దీపాల వెలుగు బయటికి పోకుండా లోపల పరదా దించుతాం. పొర మీద బొమ్మ వెయ్యాలంటే పరదా ఎత్తాలి, తోటల దీపాలన్నీ ప్రొజెక్టరుకి మళ్లించాలి. పూత మీదున్న టమాటా కాపు మొత్తం పోతుంది. అందరం తోటల సంఘం వైపు చూశాం. వాళ్లలో ఒక పెద్దాయన లేచి గొంతు సవరించుకున్నాడు.

“ఆ పొగడ పిల్ల మా టమాటాలు దొంగతనంగా తెంపుకు తినేదండీ. ఇంకో కాపు తినేసిందనుకుంటాం” అని కూర్చున్నాడు.

అచ్చాయమ్మ గారు చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. తర్వాత సరేనన్నారు, ఈ రాతకోతల షరతు మళ్లీ గుర్తుచేసి.

ప్రదక్షిణ 5215, వెలుగువైపు

వీడియో తీశాం. ఎక్కడ తియ్యాలన్న దగ్గర ఇస్మాయిల్‌కీ నాకూ పెద్ద రగడ జరిగింది. వాడు తోటల్లో అంటాడు, నేను షెడ్డులో అంటాను. వకుళ ఇద్దరి మాటా వినకుండా తాడురేవుకి నడిచింది.

తాడురేవు పేట అంచున ఉంటుంది. అక్కడ పొర దాదాపు గాజులా పలచగా ఉంటుంది. తెగిన తాడు మొదలు ఇంకా కొక్కేనికే వేలాడుతోంది. ఈ తొమ్మిదేళ్లలో అటు వెళ్లినవాళ్లే తక్కువ. వకుళ దాని పక్కన నిలబడి గిటార్ తగిలించుకుంది. వెనకాల పసుపు మబ్బులు పొరలు పొరలుగా లేచి విడిపోతున్నాయి. నేను ఇక్కడే పుట్టాను, రోజూ ఆ మబ్బుల్ని వడగట్టే బతుకుతున్నాను. అవి అంత అందంగా ఉంటాయని ఇవాళే చూశాను.

పాటంతా ఒక్క షాట్‌లో తీశాడు ఇస్మాయిల్. మూడో ‘ఉన్నావా’ దగ్గర ఎక్కడిదో ఎండ మబ్బుని చీల్చుకుని వచ్చి వకుళ చెంప మీద పడింది. అడిగితే రాదు అలాంటిది.

ప్రదక్షిణ 5216, చీకటివైపు

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

గడియారంలో పొద్దున, బయట చీకటి. ముందుగా చిన్న ముక్క వేసి చూసుకున్నాం, అంతా సరిగానే ఉంది. పేటలో అందరూ చాపలు తెచ్చుకుని వీధుల్లో పడుకున్నారు. కూర్చుంటే మెడ పట్టేస్తుంది మరి. పరదా ఎత్తారు. తోటలు ఆరిపోయాయి. నేను పీపాల దగ్గర, బొమ్మతో పాటు వాయించడానికి సిద్ధంగా ఉన్నాను.

ఆకాశం నిండా వకుళ కళ్లు తెరిచింది.

ఆ కనురెప్ప మా వీధంత ఉంది. ఊపిరి తీస్తే ఇళ్ల కప్పుల మీద నీడలు కదిలాయి. తెల్లవారిందనుకుని కోళ్లు గూళ్లలోంచి బయటికొచ్చి, తలలు పక్కకి వంచి, అలాగే నిలబడిపోయాయి. పెద్ద పీపా మీద మొదటి దెబ్బ వేశాను. ఆ దెబ్బకి పొర అదిరింది. పొర అదిరితే మొహం అదిరింది. నేను కొట్టిన ప్రతి దెబ్బా ఆకాశమంతా పాకి, ఆ చెంపల మీదుగా పోయి, అంచుల దగ్గర కలిసిపోతుంటే నా చేతులు నావి కావనిపించింది. నలభై ఏళ్లుగా వాయిస్తున్నాను. నా దెబ్బ కళ్లకి కనిపించడం అదే మొదటిసారి.

మూడో ‘ఉన్నావా’కి పేటంతా వకుళతో కలిసి అరిచింది. ఎవరూ చెప్పలేదు, దానంతటదే వచ్చేసింది. అచ్చాయమ్మ గారి గొంతు అందరికంటే పైన ఉంది. నేను ఏడ్చాను. బల్లాడ్‌కి ఏడ్చాను, రాసుకోండి.

పాట అయిపోయాక అందరం లేచి నురగపాలెం వైపు చూశాం. చీకట్లో నిప్పురవ్వలు పోసినట్టు దాని దీపాలు. ఒక్కటి ఆరి వెలిగితే చాలు. వకుళ దుర్భిణీ కంటికి పెట్టుకుంది.

మళ్లీ వేశాం. పాట సగంలో ఒక దీపం ఆరింది. వకుళ నా చెయ్యి పట్టుకుంది. ఆరిన దీపం వెలగలేదు. ఇంకొకటి ఆరింది, దాని పక్కది, ఆ పక్కది. మూడో ‘ఉన్నావా’ వచ్చేసరికి నురగపాలెం మొత్తం ఆరిపోయింది. అక్కడొక పేట ఉందని చెప్పడానికి కూడా లేదు.

“మొహం మీద తలుపేశారు” అన్నారు ఎవరో.

వకుళ దుర్భిణీ నాకిచ్చేసి ఇంటికి వెళ్లిపోయింది.

ప్రదక్షిణ 5217, వెలుగువైపు

వీధుల్లో పిల్లలందరి నోటా ‘ఉన్నావా’నే. కోళ్లని అడుగుతున్నారు, నీళ్ల పీపాల్లోకి వంగి అడుగుతున్నారు. వకుళ తలుపు తియ్యలేదు. నేను అన్నం పట్టుకెళ్లి గుమ్మంలో కూర్చుని నురగపాలెం వాళ్లని నోటికొచ్చినట్టు తిట్టాను.

“తిట్టకత్తా. దానికి కోపం ఉండదా? తొమ్మిదేళ్లు ఊరుకుని ఇప్పుడు ఉన్నావా అని అడిగితే” అంది లోపలి నుంచి.

నురగపాలెం ఉసిరికాయంత అయింది.

ప్రదక్షిణ 5217, చీకటి చివర

అచ్చాయమ్మ గారింట్లో గుడ్డ కింద రేడియో మోగింది. ఆవిడ భయపడి నాకోసం మనిషిని పంపారు. నేను వకుళనీ ఇస్మాయిల్‌నీ లాక్కొచ్చాను. గుడ్డ తీశాం. ముసలి గొంతు, బాగా వణుకుతోంది.

“ఆవిరిపేటోలు ఎవురైనా ఉన్నారేటి? నాను నూకయ్యని, నురగపాలెం పెద్దని. ముందు మాటాడినోడిదే తప్పంతారు, అనుకోండి. నాకొక్కటి సెప్పండి సాలు. మా పొగడమ్మ మీకాడికెలాగొచ్చినాది?”

మాలో ఎవరికీ అర్థం కాలేదు. అచ్చాయమ్మ గారు, “పొగడ మీ దగ్గరే కదండీ ఉండేది” అన్నారు.

“ఉండీదమ్మా. రెండేళ్ల కిందట రొమ్ములో జబ్బుసేసి పోయినాది. నా సేతుల్తో నానే దింపినాను. మీకు సెప్పాలని ఎంత కొట్టుకున్నామో, కట్టు అడ్డమొచ్చేసింది. ఇప్పుడు సూస్తే మీ పొర మీద నిలబడి పాడతంది. బాగా అవుపడాలని మా దీపాలన్నీ ఆర్పీసి సూసినాం. సంటిపిల్లలు కూడా సూసినారు. ఆ పిల్లేనమ్మా. నాను మరిసిపోతానా?”

వకుళ గోడ పట్టుకుంది. చివరికి ముందుకొచ్చి, రేడియోకి దగ్గరగా వంగి, చాలా నెమ్మదిగా అడిగింది.

“ఏ చేత్తో వాయిస్తోందండీ?”

“ఎడం సేత్తోనే తల్లీ. మా పొగడమ్మది ఎడం సెయ్యే గదా.”

ఇస్మాయిల్ నెత్తి కొట్టుకున్నాడు. బొమ్మని లోపలి నుంచి వేశాం, లోపల పడుకుని చూసుకున్నాం, అంతా బాగుందనుకున్నాం. బయట నుంచి చూసేవాళ్లకి కుడి ఎడమై, ఎడమ కుడై కనిపిస్తుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. పుట్టిన దగ్గర నుంచి లోపలే ఉన్నవాళ్లం. మా ఆకాశానికి రెండో వైపు ఉంటుందని ఎవరనుకుంటారు?

“నేను పొగడ అక్కనండీ, వకుళని. ఆ పాడింది నేనే” అంది.

అవతల కూడా గదినిండా జనం ఉన్నట్టున్నారు, ఎవరో ఆడమనిషి ఏడుపు వినిపించింది.

“అలగైతే మా పొగడమ్మ రానేదన్నమాట” అన్నాడు నూకయ్య.

“రాలేదండీ.”

“నీకు ముందల తెలీదా తల్లీ, సెల్లి పోయినాదని?”

“ఇప్పుడే తెలిసింది.”

అడగడానికి పాట కట్టుకుంది. జవాబు వచ్చింది. ఇలా వస్తుందని ఎవరం అనుకోలేదు. నేను వకుళని దగ్గరికి తీసుకోబోతే వద్దని తలూపింది. కళ్లల్లో తడి లేదు, అదే నన్ను భయపెట్టింది. ఇంతలో ముసలాయన మళ్లీ అందుకున్నాడు.

“ఒక్క మాటడుగుతాను, తిట్టుకోకు. మళ్లీ సీకట్లోకెల్లినాక ఇంకొక్కపాలి ఎయ్యండమ్మా. రేడియోలో పాట కూడా యినిపించండి. గాలి మమ్మల్ని లాగేసుకుంటంది. మరి మీరు అవుపడరు.”

మాటకట్టు సంగతి అచ్చాయమ్మ గారు ఎత్తలేదు. రేడియో మీద గుడ్డని మడతపెట్టి కుర్చీ కింద తోసేశారు.

“ఈసారి తిప్పి వేస్తాను. బయటికి సరిగ్గా నువ్వే కనిపిస్తావు” అన్నాడు ఇస్మాయిల్ వకుళతో.

“తిప్పకు. అలాగే ఉండనీ. వాళ్లు దాన్ని చూడాలనుకుంటున్నారు” అంది.

ప్రదక్షిణ 5218, చీకటివైపు

తోటల సంఘం వాళ్లు అడగకముందే దీపాలు ఆర్పేశారు. మిగిలిన పూత కూడా పోయినట్టే.

రేడియో తీసుకొచ్చి నా పీపాల పక్కన పెట్టారు. వకుళ బొమ్మతో సరిపెట్టుకోలేదు, గిటార్ తగిలించుకుని వచ్చింది. పాడింది. పైన పేటంత వకుళ, కింద జానెడంత వకుళ, ఇద్దరి గొంతూ ఒకటే. ఈసారి ‘ఉన్నావా’ అనే చోట మాటలు పాడలేదు, ‘లలలా’ అంది. నురగపాలెం మొదటి నుంచీ చీకట్లోనే ఉంది. వాళ్లెందుకు ఆర్పారో ఇప్పుడు తెలుసు. ఒక పేట మొత్తం ఊపిరి బిగబట్టి మావైపు చూస్తోంది.

పాట అయింది, పొర మీద బొమ్మ అలాగే ఆగింది. ఎవరూ లేవలేదు. అప్పుడు నూకయ్య గొంతు.

“మాకాడా ఒక బొమ్మున్నాదమ్మా. పొగడమ్మ పోయే ముందు పండక్కి పాడినాది. మీలాగే మా పొరమీదేస్తన్నాం. సూడండి.”

చీకట్లో ఒక చుక్క వెలిగింది. వెలిగి, విప్పారి, గుండ్రంగా నిండింది. ఉసిరికాయంత వెలుగు, దానిలో ఒక మనిషి.

“వకుళక్క! అదుగో వకుళక్క!” అని పిల్లలు అరిచారు.

దుర్భిణీ అక్కర్లేకుండానే కనిపిస్తోంది. గిటార్ కుడిచేత్తో వాయిస్తోంది. వాళ్లూ లోపలి నుంచే వేశారు మరి, వాళ్లకీ తట్టలేదు. మా పేట పొర మీద పొగడ, వాళ్ల పేట పొర మీద వకుళ, మధ్యలో ఎంత చీకటో. ఈ గ్రహం మీద ఇంతకు ముందు ఇలాంటిది జరిగి ఉండదు. ఎవరికి దండం పెట్టాలో తెలియక నేను రెండు చేతులూ జోడించి అలాగే ఉండిపోయాను.

రేడియోలో పాట మొదలైంది. అదే బాణీ. మాటలు పొగడవి.

నా వంతు ముద్ద నువ్వే తినేశావు గదా అక్కా,
నా వంతు జడ నువ్వే వేసేసుకున్నావు గదా.
నా వంతు పాట మాత్రం ఇవ్వను పో,
నేనే పాడుకుంటా.

మా వకుళ పాడినదానికి రెట్టింపు వేగం. అల్లరి వేగం. పీపాలు పగలాల్సిన వేగం. నా చేతులు వాటంతటవే కర్రలు అందుకున్నాయి. నేను కొడితే మా పొర మీద పొగడ అదిరింది, అక్కడ ఎవరో కొడుతుంటే వాళ్ల పొర మీద వకుళ అదిరింది.

వకుళ దుర్భిణీ పెట్టుకుని చెల్లెలి మొహమే చూస్తోంది. తాడు తెగిన ఏడేళ్ల తర్వాతి మొహం. ఉన్నట్టుండి నవ్వింది.

“చూడత్తా, దానికి నాకంటే ముందే జుట్టు నెరిసింది” అంది.

ఆ మాటతో పాటే ఏడుపొచ్చేసింది. రెండు రోజులుగా రానిది మొత్తం వచ్చింది. అచ్చాయమ్మ గారు వచ్చి పక్కన కూర్చున్నారు. నేను మాత్రం ఆపలేదు. అవతల పాట ఇంకా నడుస్తోంది, ఆ పిల్ల వేగానికి తగ్గకుండా వాయించాలి.